రెండు దారుల్లో రెండు వందలు

బర్మామైన్స్‌లో కాపురమున్నవాళ్ళకి ఇనుము గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక పక్క టాటానగర్ స్టేషను, ఇంకో పక్క ఉక్కు కర్మాగారం, రాత్రంతా ఆగకుండా నడిచే గూడ్సుబళ్ళు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి రెండు మూడు తరాల కిందట పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్ నిండా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. ఇనుమే మా అందరికీ అన్నం పెట్టింది. అయితే లోహాల పరీక్షలతో బతుకు గడిపిన నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది కర్మాగారం కాదు, 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ. అదీ ఈ బర్మామైన్స్‌లోనే ఉంది. ఊళ్ళో అందరూ ఎన్‌ఎంఎల్ అంటారు. అందులో ఒక విభాగం పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇంకా జరగనిదాని గురించి ధైర్యంగా మాట ఇవ్వడం ఎలా?

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ గొట్టాన్నే తీసుకోండి. అందులో ఆవిరి ఐదారు వందల డిగ్రీల వేడితో, విపరీతమైన ఒత్తిడితో ఏళ్ళ తరబడి పారుతుంది. ఆ వేడికి ఉక్కు ఒక్కసారిగా విరగదు. కంటికి తెలియనంత నెమ్మదిగా సాగుతుంది. దీన్నే క్రీప్ అంటారు. లక్ష గంటలు, అంటే పదకొండేళ్ళకు పైగా ఆ గొట్టం తట్టుకుంటుందని ఇంజినీరు సంతకం పెట్టాలి. దానికి చేసే పరీక్ష చూడటానికి ఏమంత ఘనంగా ఉండదు. వేలెడు ఉక్కు కడ్డీ, రెండు చివరలా మరలు, చుట్టూ నిలువు కొలిమి, మీట చివర పళ్ళెంలో పేర్చిన బరువులు, సాగుదలను మైక్రాన్లలో చదివే గేజి. బరువు వేశాక కొలిమి వేడి అటూ ఇటూ కాకుండా కాపలా కాస్తూ నెలలు, ఏళ్ళు ఎదురుచూడటమే పని. ఎన్‌ఎంఎల్‌లో అలాంటి యంత్రాలు వరసలు వరసలుగా ఉంటాయి.

కానీ ప్రతి కొత్త ఉక్కుకీ పదకొండేళ్ళు ఎవరు ఆగగలరు? అక్కడే లెక్క అక్కరకొస్తుంది. 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు ఒక సూత్రం ఇచ్చారు. బరువు మారనప్పుడు, ఉక్కు తెగిపోవడానికి పట్టే గంటల లాగరిథమ్‌కి 20 కలిపి, దాన్ని కెల్విన్‌లలో వేడితో గుణిస్తే, వేడి ఎంతైనా వచ్చే అంకె ఒకటేనన్నారు. కాగితం మీద వేసి చూడండి. 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర లక్ష గంటలంటే, 650 డిగ్రీల దగ్గర సుమారు 4,400 గంటలు. పదకొండేళ్ళ ప్రశ్నకి ఆరు నెలల్లో జవాబు దొరుకుతుంది. ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆ జవాబుని గుడ్డిగా నమ్మడానికీ లేదు. 9 నుంచి 12 శాతం క్రోమియం కలిపిన కొన్ని ఉక్కుల విషయంలో, తక్కువ కాలం పరీక్షల నుంచి వేసిన లెక్క అసలు ఉన్నదానికన్నా ఎక్కువ బలం చెప్పింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఉక్కు లోపల జడ్-ఫేజ్ అనే కొత్త స్ఫటికం పుట్టి, బలాన్నిచ్చే సన్నటి నైట్రైడ్ రేణువులను తినేస్తూ పెరిగింది. ఆరు నెలల పరీక్షలో అది పుట్టనే లేదు కనక లెక్కకి దాని ఊసే తెలియలేదు. ఆ లోపాన్ని పట్టుకున్నవి ఏళ్ళ తరబడి ఓపిగ్గా నడిచిన పరీక్షలే. లెక్క తోడులేని పరీక్ష ఎప్పటికీ తెమలదు. పరీక్ష తోడులేని లెక్కకి భయం ఉండదు. లోహాల మధ్య నేను నేర్చుకున్నది ఇదే. ఇదే మాట నాకు మళ్ళీ, ఇంకా స్పష్టంగా వినిపించిన చోటు మాత్రం లోహం కాదు, జీవకణం.

అక్కడికి వెళ్ళే దారి కూడా ఇనుముదే. మన ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపి మూడు నాలుగు గ్రాములు. కొత్త ఎర్ర రక్తకణాలు తయారుకావడానికి రోజూ 20 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఎముకల మజ్జకి చేరాలి. రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ రెండేసి ఇనుము అయాన్లను మోసుకుని తిరుగుతుంది. కణం పైపొర మీద తనకోసమే ఉన్న రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. అప్పుడు ఆ చోట పొర లోపలికి గుంటపడుతుంది. గుంట చుట్టూ లోపలివైపు క్లాత్రిన్ అనే ప్రోటీన్ తొడుగులా కమ్ముకుంటుంది. గుంట లోతవుతుంది, మెడ సన్నబడుతుంది, చివరికి తెగి, 100 నానోమీటర్లకు అటూ ఇటూ ఉన్న చిన్న బుడగగా కణం లోపలికి వెళ్ళిపోతుంది. ఒక నిమిషం పని. ఈ వాక్యం చదివేలోపు మీ ఒంట్లో ఇలాంటి గుంటలు లెక్కలేనన్ని పడి ఉంటాయి. కొలెస్ట్రాల్‌ని మోసే ఎల్‌డీఎల్ కణంలోకి వెళ్ళేదీ ఈ తోవనే. ఆ సంగతి తేల్చిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది.

గుంట ఊరికే పడదు. కణం పొర బిగిసి ఉంటుంది, లోపలికి లాగితే వెనక్కి లాగుతుంది. ఆ బిగువుకి ఎదురుగా లాగే బలం ఎక్కడినుంచి వస్తుంది? బిగువు ఎక్కువగా ఉన్నప్పుడు, చాలావరకు యాక్టిన్ నుంచి.

యాక్టిన్‌ని 1942లో, యుద్ధం మధ్యలో, హంగరీలోని సెగెడ్‌లో ఆల్బర్ట్ సెంట్-జార్జి ప్రయోగశాలలో బ్రూనో స్ట్రౌబ్ కండరం నుంచి విడదీశాడు. 375 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది. విడివిడిగా ఉన్నప్పుడు గుండ్రటి రేణువు. ఉప్పు తగినంత తగిలితే రేణువులు ఒకదానికొకటి పేరుకుని 7 నానోమీటర్ల మందం ఉన్న పోగు అవుతాయి. ప్రతి రేణువూ తన మధ్య పగులులో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకదాన్ని పట్టుకుని ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో వెలికితీసిన ఏటీపీయే ఇది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. యాక్టిన్‌కి ఏటీపీ అతుక్కుని ఉంటుందని 1950లో స్ట్రౌబ్, ఫోయర్ చూపించేనాటికి సుబ్బారావు లేడు. పోగులో చేరాక ఆ ఏటీపీ చీలుతుంది, రేణువు పట్టు సడలుతుంది. ఒక చివర కొత్త రేణువులు చేరుతుంటే, ఇంకో చివర పాతవి రాలుతుంటాయి. కణాన్ని నిలబెట్టే అల్లిక ఇలా క్షణక్షణం ఊడుతూ, క్షణక్షణం అల్లుకుంటూ ఉంటుంది. ఉక్కు గొట్టం పోసిన రోజున ఉన్న పరమాణువులతోనే పదకొండేళ్ళూ ఈడ్చాలి, అందుకే సాగుతుంది. యాక్టిన్ అల్లిక ఆగిపోతే చాలు, కణం కదలలేదు. లోహాల మనిషిగా నన్ను కట్టిపడేసింది ఈ తేడాయే.

యాక్టిన్ విషయంలో లెక్కనీ ప్రయోగాన్నీ ఒకే బల్ల మీద పెట్టిన తొలితరం మనిషి ఫుమియో ఒసావా. జపాన్‌లోని నగోయాలో భౌతికశాస్త్రవేత్త. ద్రావణంలో యాక్టిన్ ఒక హద్దుదాకా విడి రేణువులుగానే ఉండి, ఆ హద్దు దాటాక అదనంగా ఉన్నదంతా పోగులుగా మారుతుందని ఆయన బృందం 1960 ప్రాంతాల్లో చూపించింది. గాలిలో తేమ హద్దు మీరితే నీటిబొట్లుగా మారే గణితమే దీనికీ పనికొచ్చింది. అంతటితో ఆగకుండా, 1966లో హతానో, ఒసావా కలిసి బంకబూజు నుంచి యాక్టిన్‌ని విడదీశారు. కండరానికే పరిమితం అనుకున్న ప్రోటీన్ కండరమే లేని జీవిలోనూ ఉందని అప్పుడు తేలింది. సమీకరణం రాసిన బృందమే బూజు పెంచి, రుబ్బి, వడగట్టి చూసింది.

అన్నీ తెలిసిపోయాయి కదా, ఇంకా లెక్కలెందుకు అనిపించవచ్చు. క్లాత్రిన్ గుంట దగ్గరికే వద్దాం. అక్కడ పనిచేసే ప్రోటీన్ల జాబితా పొడవైనది. ఏది ముందొస్తుంది, ఏది తర్వాతొస్తుంది, సెకన్లతో సహా తెలుసు. అయినా గుంట ఎలా లోపలికి వెళ్తుందో జాబితా చెప్పదు. మామూలు కాంతి సూక్ష్మదర్శిని 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీయలేదు. గుంట దానిలో సగం. అందులో పోగులెటు తిరిగి ఉన్నాయో అది చూపలేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పోగు పోగునా చూపిస్తుంది కానీ, గడ్డకట్టించిన కణంలో మాత్రమే. ఒకటి కదలికను చూసి ఆకారాన్ని వదిలేస్తుంది, ఇంకొకటి ఆకారాన్ని చూసి కదలికను వదిలేస్తుంది. మధ్యలో మిగిలిన ఖాళీలో బలం ఉంది. బలాన్ని ఏ కన్నూ నేరుగా చూడలేదు. ఆ ఖాళీలోకి వెళ్ళగలిగేది లెక్క ఒక్కటే.

బలం గురించి తొలి గట్టి లెక్క 1993లో వచ్చింది. చార్లెస్ పెస్కిన్, గారెట్ ఓడెల్, జార్జ్ ఓస్టర్ రాసినది. పెరిగే పోగు ఎదురుగా ఉన్న గోడని ఎలా తోస్తుంది? వాళ్ళు ఇచ్చిన జవాబు అందమైనది. పోగు తోయదు. కణంలో ప్రతిదీ వేడికి వణుకుతూ ఉంటుంది, గోడ కూడా వణుకుతుంది. వణుకులో గోడ కాస్త వెనక్కి జరిగినప్పుడు దొరికిన సందులో కొత్త రేణువు దూరుతుంది. ఇక గోడ తన పాత చోటికి రాలేదు. ఒక్కో రేణువుతో పోగు 2.7 నానోమీటర్లు పెరుగుతుంది. వేడి వణుకు శక్తిని ఆ పొడవుతో భాగిస్తే ఒకటిన్నర పికోన్యూటన్. ద్రావణంలో రేణువులు హద్దుకి వందరెట్లు ఉంటే ఆ అంకె నాలుగున్నర రెట్లై, పోగు తోపు ఏడు పికోన్యూటన్ల దాకా వెళ్ళగలదు. ఈ లెక్క వేయడానికి ఇంటర్మీడియట్ గణితం చాలు.

లెక్క ముచ్చటగా ఉంది సరే, ప్రయోగం ఏమంది? 1999లో లోయిసెల్, మారీ-ఫ్రాన్స్ కార్లియె బృందం శుద్ధి చేసిన కొద్దిపాటి ప్రోటీన్లతోనే, కణం అనేదే లేకుండా, లిస్టీరియా బ్యాక్టీరియాని యాక్టిన్ తోక మీద నడిపించి చూపింది. యాక్టిన్ పెరుగుదలకి దేన్నైనా తోసే సత్తా ఉందని తేలిపోయింది. 2007లో ఫుటర్, కెర్సెమేకర్స్, థేరియో, డోగ్‌టెరోమ్ లేజర్ పట్టులో ఆ బలాన్నే నేరుగా కొలిచారు. అక్కడ లెక్కకి ఎదురుదెబ్బ తగిలింది. ఎనిమిది దాకా పోగులు పక్కపక్కనే పెరుగుతున్నా, మొత్తం తోపు ఒక పికోన్యూటన్ దగ్గరే ఆగిపోయింది. ఆ ద్రావణంలో ఒక్క పోగు చేయగలదని లెక్క చెప్పినంతే. ఎనిమిది ఉంటే ఎనిమిదింతలు కావాలి కదా? కాలేదు. ఒంటి పోగులు గోడ దగ్గర నిలకడగా ఉండవని, కణంలో వేరే ప్రోటీన్లు ఆ చంచలత్వాన్ని అదుపు చేస్తే తప్ప పెద్ద బలం పుట్టదని వాళ్ళు తేల్చారు. ముందుగా లెక్క లేకపోతే, ఒక పికోన్యూటన్ అనే అంకెలో వింతేమీ కనపడేది కాదు. ఇంత రావాలి అని చెప్పినవాళ్ళు ఉండబట్టే, రాకపోవడం ఒక వార్త అయింది.

ఇక నన్ను ఈ వ్యాసం రాయించిన పని. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన పద్మిని రంగమణి, అమెరికాలోని శాన్‌డియాగోలో కణాల యాంత్రికశాస్త్రం మీద లెక్కలు చేసే ప్రొఫెసర్. బర్క్‌లీలో డేవిడ్ డ్రూబిన్ ప్రయోగాల మనిషి. మాథ్యూ అకమట్సు ముందు నిలిచి, ఈ రెండు బృందాలూ కలిసి 2020లో క్లాత్రిన్ గుంట మీద ఒక పరిశోధన వెలువరించాయి. వాళ్ళ మోడల్‌లో గాలిలోంచి తీసిన అంకెలు లేవు. పోగు పెరిగే వేగాన్ని 1986లో థామస్ పొలార్డ్ కొలిచాడు. ఉన్న పోగు పక్కన కొత్త పోగుని మొలిపించే ఆర్ప్ 2/3 అనే ప్రోటీన్ల సముదాయం, కొమ్మని సుమారు 70 డిగ్రీల కోణంలో వేస్తుందని 1998లో మల్లిన్స్, హ్యూజర్, పొలార్డ్ చూపారు. పొర ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పే లెక్క రంగమణి, ఓస్టర్, డ్రూబిన్ బృందాలు 2017లో కలిసి ప్రచురించినది. 1993 నాటి ఓస్టరే మళ్ళీ. ఇవన్నీ కూర్చి, గుంట అంచుల దగ్గర ఆర్ప్ 2/3ని, తొడుగు మీద పోగుల్ని పట్టుకునే హిప్‌1ఆర్ అనే ప్రోటీన్‌ని పెట్టి, కంప్యూటర్‌లో వదిలారు. ఎవరూ పోగులకి దారి చూపలేదు.

గుంట నిలకడగా లోపలికి వెళ్ళాలంటే పనిలోకి దిగిన ఆర్ప్ 2/3 సముదాయాలు సుమారు 200 ఉండాలని కంప్యూటర్ చెప్పింది.

ఆ అంకె పక్కన నిలబెట్టడానికి ప్రయోగశాలలో లెక్కింపు జరిగింది. మనిషి మూలకణాల్లో జన్యువునే సవరించి, ప్రతి ఆర్ప్ 2/3కీ ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలించారు. ఎన్ని వెలిగే ప్రతులుంటాయో ముందే తెలిసిన ప్రోటీన్ పంజరాలను తూకపురాళ్ళుగా పెట్టుకుని, గుంట దగ్గర వెలుగుని అణువుల సంఖ్యగా మార్చారు. సుమారు 200 అని వచ్చింది.

ఈ రెండు వందల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకటి బలాల లెక్కలోంచి వచ్చింది, ఇంకొకటి వెలుగు కొలతలోంచి వచ్చింది. ఒకదానిలో పొరపాటు ఉంటే అది రెండోదానిలోకి పాకడానికి దారి లేదు. వేరువేరు దారుల్లో నడిచినవి ఒక్కచోట కలిశాయి కాబట్టే ఆ అంకెకి అంత బరువు.

అంతకన్నా విలువైనది ఇంకొకటి ఉంది. ఎవరూ అడగని సంగతి ఒకటి లెక్క చెప్పింది. కంప్యూటర్‌లో పెరిగిన పోగుల్లో పొడవైనవి తొడుగుకీ గుంట అంచుకీ మధ్య ఇరుక్కుని, వంచిన వెదురుబద్దల్లా వంగి నిలిచాయి. యాక్టిన్ పోగు మామూలుగా 10 మైక్రోమీటర్ల పొడవుదాకా దాదాపు తిన్నగానే ఉంటుంది. 100 నానోమీటర్ల ముక్క దాని ముందు కర్ర కింద లెక్క. దాన్ని వంచితే ఎంత శక్తి నిలవ ఉంటుందో నేను కాగితం మీద వేసి చూశాను. 100 నానోమీటర్ల పోగుని అంతే వ్యాసార్ధం ఉన్న వంపులోకి తెస్తే, వేడి వణుకు శక్తికి 50 రెట్లు అందులో దాగి ఉంటుంది. ఒక్క ఏటీపీ చీలితే వచ్చేది 20 రెట్ల పైచిలుకు. అంటే ఒక వంగిన పోగు రెండు ఏటీపీలకు మించిన శక్తిని పట్టుకుని, గుంటని లోపలికి నెట్టడానికి సిద్ధంగా ఉంది. అయితే వంగిన పోగులు నిజంగా ఉన్నాయా? కణాల్ని క్షణంలో గడ్డకట్టించి, క్రయో ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో చూశారు. వంగిన పోగులు కనపడ్డాయి. కన్ను అంతకుముందు వాటి మీద పడి ఉన్నా, వెతకాలని తెలియకపోతే చూసి వదిలేసే సంగతి అది. ఈసారి ఏం వెతకాలో లెక్క చెప్పింది. ఉందో లేదో కన్ను తేల్చింది.

మూడో సంగతి లోహాలవాళ్ళెవరికైనా ఆశ్చర్యం కలిగించేది. మోడల్‌లో పొర బిగువు పెంచి చూశారు. బరువు పెరిగితే ఉక్కు ఇంకా త్వరగా సాగుతుంది. యాక్టిన్ అల్లిక అలా చేయలేదు. బిగువు పెరిగేకొద్దీ ఎక్కువ పోగులు గుంట అంచు వైపు తిరిగాయి, అక్కడ ఆర్ప్ 2/3కి అందాయి, మరిన్ని కొమ్మలు మొలిచాయి, మరిన్ని పోగులు వంగాయి. బరువే సాయాన్ని పిలుచుకుంది. పై అధికారి ఎవరూ లేరు, ఆజ్ఞ ఏదీ లేదు, చోటూ కోణమే ఆ పని చేశాయి. 2011లోనే కిర్కాసెన్ బృందం కణాల్ని సాగదీసి చూసి, పొర బిగిసినప్పుడే క్లాత్రిన్ గుంటలకి యాక్టిన్ తప్పనిసరి అవుతుందని ప్రయోగంలో చూపింది. అలా అని ప్రయోగం చెప్పింది. ఎలా అన్నది లెక్క విప్పింది.

ఇది అమెరికాలోనే జరిగే పని అనుకోనక్కర్లేదు. బెంగళూరులో సిద్ధాంతకారుడు మదన్ రావు, ప్రయోగాల మనిషి సత్యజిత్ మేయర్ ఇదే పద్ధతిలో ఏళ్ళుగా కలిసి పనిచేశారు. కణం పొర కింద పొట్టి యాక్టిన్ పోగులు మయోసిన్ అనే ప్రోటీన్ లాగుడుకి నక్షత్రాల్లా గుమిగూడి, పొర మీది అణువుల్ని దగ్గరికి చేరుస్తాయన్నది వాళ్ళ మోడల్. 2012లో జీవకణాల మీద దాన్ని పరీక్షించారు. 2016లో కణమే లేకుండా, గాజు మీద పరిచిన పొరతో, శుద్ధి చేసిన యాక్టిన్, మయోసిన్‌లతో మళ్ళీ కట్టి చూశారు. సిద్ధాంతం చెప్పింది జీవకణంలో కనపడితే, ఇంకేదో కారణం అయ్యుండవచ్చని వాదించవచ్చు. విడిభాగాలతో కట్టినదానిలోనూ కనపడితే ఆ వాదన బలం తగ్గిపోతుంది.

విశాఖలో బయోటెక్నాలజీ చదివే మా మేనకోడలు సెలవులకి వచ్చినప్పుడు, ఈ గుంట సిమ్యులేషన్‌ని తన ఫోన్‌లోనే ఇద్దరం చూశాం. సన్నటి గీతలు పుడుతూ, వణుకుతూ, వంగుతూ ఉన్నాయి. చూసి చూసి అడిగింది.

"మావయ్యా, ఇది నిజం కాదు కదా, కంప్యూటర్ బొమ్మ. వాళ్ళు పెట్టిన రూల్సే కదా అది చేసేది? కొత్తగా తెలిసిందేముంది?"

"రూల్స్ వాళ్ళు పెట్టారు తల్లీ. పోగులు వంగమని ఎవరూ పెట్టలేదు. వంగకపోయి ఉంటే?"

"మోడల్ తప్పని తెలిసేది."

"గడ్డకట్టించిన కణంలో వంగినవి కనపడకపోయి ఉంటే?"

కాసేపు ఆలోచించింది. "అప్పుడూ మోడలే తప్పు. అంటే అది రెండుసార్లు ఓడిపోయే చోట నిలబడింది."

తను అన్న ఆ మాట చాలా పెద్దది. మోడల్ విలువ అది నిజంలా కనపడటంలో లేదు. ఓడిపోగల చోట నిలబడటంలో ఉంది. ఏ ఫలితం వచ్చినా సరిపెట్టుకోగల మోడల్ ఏమీ చెప్పనట్టే లెక్క. కావలసినన్ని మీటలు పెట్టుకుని, వచ్చిన కొలతకి సరిపడేలా తిప్పుకుంటే బొమ్మ అచ్చం నిజంలాగే ఉంటుంది. కానీ దానివల్ల మనకి తెలిసేది ఏమీ ఉండదు. క్రీప్ సూత్రం కూడా గౌరవం తెచ్చుకున్నది ఇలాగే. ఫలానా గంటకి తెగుతుందని ముందే చెప్పి, కొలిమి ముందు నిలబడింది. క్రోమియం ఉక్కు దగ్గర ఓడిపోయినప్పుడు, ఓటమే జడ్-ఫేజ్ దారి చూపించింది.

ప్రయోగానికీ ఇలాంటి బాధ్యతే ఉంది. కొలిచినవన్నీ కుప్ప పోయడం జ్ఞానం కాదు. మెరిసే బొమ్మలు, రంగుల వీడియోలు ఎన్ని పోగేసినా, ఇంత బలం, ఇన్ని అణువులు, ఇంత కోణం అని ఒక అంకెగా నిలబెడితేనే అవి ఒక లెక్కని కాదనగలవు. డ్రూబిన్ బృందం వెలుగుని చూసి ఊరుకోకుండా అణువుల సంఖ్యగా మార్చడానికి అంత శ్రమపడింది అందుకే. సంఖ్య లేని చూపుకి లెక్కతో మాట్లాడే భాష ఉండదు.

ఇక్కడే నాకు మనవాళ్ళ చదువుల గురించి ఒక బాధ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి అయ్యీ అవగానే సైన్సు వైపు వెళ్ళే చాలామంది పిల్లలముందు రెండు తలుపులు పెడతాం, ఎంపీసీ, బైపీసీ అని. పదిహేను, పదహారేళ్ళ వయసులో ఒక పిల్ల లెక్కా జీవమా అని తేల్చుకోవాలి. బైపీసీ తీసుకున్న పిల్లకి ఆ రోజుతో గణితం వదిలిపోయిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎంపీసీ పిల్లవాడు కణాన్ని మళ్ళీ చూడనే చూడడు. డాక్టరు కావాలా ఇంజినీరు కావాలా అన్న ప్రశ్నకి ఈ ఏర్పాటు సరిపోవచ్చు. యాక్టిన్ ఎలా లాగుతుందన్న ప్రశ్నకి సరిపోదు. మా మేనకోడలు బైపీసీలోంచే వచ్చింది. లాగరిథమ్ చూస్తే ఇప్పటికీ జంకుతుంది. ఓడిపోగల మోడల్ అంటే ఏమిటో నా సాయం లేకుండానే పట్టుకున్న పిల్ల ఆమె. లోటు బుర్రలో లేదు, పదహారో ఏట మనం గట్టిగా మూసిన తలుపులో ఉంది.

ఆ తలుపు తెరవడం కొత్త సంగతేమీ కాదని చెప్పడానికి మళ్ళీ బర్మామైన్స్ సాక్ష్యమే ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే చెప్పి, 1992 నుంచి 2002 దాకా ఎన్‌ఎంఎల్ డైరెక్టరుగా ఉన్న పాచ్చా రామచంద్రరావు లోహశాస్త్రవేత్త. కరిగిన లోహాన్ని మెరుపువేగంతో చల్లార్చితే ఏమవుతుందన్నది ఆయన పేరు తెచ్చుకున్న విషయం. ఆయన హయాంలో ఈ లోహాల ప్రయోగశాలలో, ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్‌ని జీవి కట్టే తీరులో తయారుచేసే పరిశోధన సాగింది. జీవి పదార్థాన్ని ఎలా కడుతుందో లోహాలవాళ్ళు నేర్చుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన. గోడ అవతల ఉక్కు పోస్తున్న ఊళ్ళో, గోడ ఇవతల ఎముకని గురువుగా పెట్టుకున్నారు. తర్వాత ఆయన బెనారస్‌కే వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళారు. అలాంటి మనసు ఒక సంస్థలో ఉంటే శాఖల మధ్య గోడలు వాటంతటవే పలచబడతాయి.

కాబట్టి నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. బైపీసీ పిల్లకి ఒక అవకలన సమీకరణాన్ని, తన కళ్ళముందు పెరిగే ఈస్టు గిన్నె పక్కన పెట్టి నేర్పండి. ఈ గంటకి ఇంత ఉండాలని ముందు రాయించి, తర్వాత లెక్కపెట్టించండి. ఎంపీసీ పిల్లవాడిని ఉల్లిపొర పెట్టిన సూక్ష్మదర్శిని ముందు ఒక గంట కూర్చోబెట్టండి, చూసినదానిలో కొలవదగ్గది ఒక్కటి ఏరుకుని, దానికో అంకె ఇమ్మనండి. ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకరి అంకెని ఇంకొకరు కాదనే హక్కు ఇవ్వండి. కాదన్నందుకు కోపగించుకోకుండా, మళ్ళీ లెక్కవేసే అలవాటు, మళ్ళీ కొలిచే ఓపిక వాళ్ళకి అక్కడే అబ్బుతాయి. సుబ్బారావు వెలికితీసిన ఏటీపీ యాక్టిన్ దగ్గర ఏం పని చేస్తుందో తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ పని బలంగా ఎలా మారుతుందో లెక్కకి అందడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. తర్వాతి అడుగుకి అంతకాలం పట్టనక్కర్లేదు. ఆ అడుగు వేసే పిల్లలు ఇప్పుడు మన ఇళ్ళలోనే, ఏ గ్రూపు తీసుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నారు. వాళ్ళకి రెండూ కావాలి.